మా అత్తమ్మ బడాయి, నా ఓటు

పోయిన చలికాలం మేము సెలవు మీద ఊరికి పోయినప్పుడే సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. పొద్దున్నే తలస్నానం చేసి, పాపకు చెవులు కప్పేలా టోపీ పెట్టి, చంకనెత్తుకుని బడి దగ్గర వరుసలో నిలబడ్డాను. నా ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు, వెనక మా అత్తమ్మ యాదవ్వ. పాపకు చలిగాలి తగులుతుందేమో, పక్కన ఎవరైనా దగ్గుతున్నారేమో అని చూసుకునేలోగా నా వంతు వచ్చేసింది.

జాబితా ముందు కూర్చున్న సారు నా కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. కాగితాలు వెనక్కి వేశాడు, ముందుకి వేశాడు. ఒకచోట స్కేలు పెట్టి ఆగాడు. అక్కడ నా పేరు ఉంది. పేరు మీద అడ్డంగా ‘తొలగించబడింది’ అని ముద్ర కూడా ఉంది.

“నీ పేరు తీసేసిన్రమ్మా. శాశ్వతంగా వలస పోయినట్టు రాసి ఉన్నది.”

“నేను ఈడనే ఉన్న గద సార్, మీ ముంగట.”

“నాకు కనవడుతున్నవ్ బిడ్డా. లిస్టుకు కనవడ్తలేవ్.”

మగవాళ్ళ వరుసలో మా ఆయన గణపతికీ అదే జవాబు. మా ఊళ్ళో అట్లా ముప్పై ఒక్క పేర్లు పోయాయి. అందరూ గల్ఫ్ దేశాల్లో పని చేసుకునేవాళ్ళే. మేమిద్దరం సెలవు మీద ఉన్నాం కాబట్టి మాకు తెలిసింది. మిగతా వాళ్ళకు తమ పేరు పోయిన సంగతే తెలియదు.

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి జాబితా సరిచూసింది అంగన్‌వాడీ టీచరమ్మ. ఆమె బడి గేటు దగ్గర కనబడగానే అత్తమ్మ కొంగు నడుముకు చుట్టింది.

“ఏమే టీచరమ్మా, నా కోడలు నీ కండ్లకు పీనుగు లెక్క కనవడ్డదా? బంగారమసొంటి వోటు కొట్టేస్తివి గదనే!”

“యాదవ్వా, నేను నా సొంతంగ రాసుకున్ననా?” అని టీచరమ్మ ఇంకేదో అనబోయింది. నా వైపు చూసి ఆగిపోయింది.

ఆ రోజంతా అత్తమ్మ సిరా చుక్క పెట్టిన వేలును కొంగులో దాచుకుని తిరిగింది. ఆ చుక్క చూస్తే నేను బాధపడతానని దాస్తోంది పాపం అనుకున్నాను.

ఓటు పోతే పోయింది, సర్పంచ్ ఎవరైతే మనకేంది అని మా ఆయన అన్నాడు. ఆయనకేం, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, ఊళ్ళో ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. నాకేముంది? తొమ్మిది పాసయ్యాక పదో తరగతికి పక్క ఊరికి పోవాలి. ఆ ఏడే మా అమ్మ నడుము పట్టేసి మంచాన పడింది. ఆమె ఒళ్ళోని బీడీల చాట నా ఒళ్ళోకి వచ్చింది. చదువు అక్కడితో సరి. ఒమన్ వచ్చాక నాకిచ్చిన బతాకా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, అదీ మా ఆయన వీసాను పట్టుకుని వేలాడేదే. ఆయన డ్యూటీ పోతే నా కార్డు కూడా పోతుంది. ఒక్క ఓటర్ల జాబితాలోనే నాకు సొంత నంబరు ఉండేది. పేరు కింద భర్త పేరు ఉంటుంది, ఉండనీ, నంబరు మాత్రం నాది. పెళ్ళయ్యాక అమ్మగారి ఊరినుంచి అత్తగారి ఊరికి పేరు మార్చుకునే ఫారం కూడా ఎవరి సాయం లేకుండా నేనే నింపుకున్నాను. ఆ పేరు మీదే ముద్ర గుద్దారు.

సెలవు అయిపోయి ఒమన్‌లో మేముండే ఇబ్రికి తిరిగి వచ్చాం. మా ఆయన కంకర క్రషర్‌లో రాళ్ళు ఎత్తిపోసే షావల్ బండి నడుపుతాడు. ఒక దర్జీ కొట్టు మీద రెండు గదుల ఇల్లు మాది. పక్క వాటాలో కడప నుంచి వచ్చిన షైస్తక్క ఉంటుంది. ఆమె భర్త వహీద్ భాయ్ టైర్ల షాపులో పని చేస్తాడు. శుక్రవారం అందరికీ సెలవు. ఆ రోజు మా ఊరి ఇస్తారి క్యాంపు రూమ్ నుంచి మా ఇంటికి అన్నానికి వస్తాడు. మా ఆయనతో పాటు అదే క్రషర్‌లో హెల్పర్. తొలగించిన ముప్పై ఒక్క పేర్లలో ఇస్తారిది కూడా ఒకటి.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం ఇస్తారి కంచం ముందు కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

“అన్నా, మనం బతికి రావట్టినం.”

“సచ్చిందెప్పుడురా?” అన్నాడు మా ఆయన.

“లిస్టుల సచ్చినం గద. పంచాయతీ లిస్టు మన రాష్ట్రం చట్టం కిందికి వస్తదట. ఆ చట్టం మారుస్తమంటున్రు. ఇల్లు ఊర్లె ఉండి, పని కోసం బయటి దేశం పోయినోళ్ళ పేరు కొట్టెయ్యద్దని. అసెంబ్లీల పెట్టే ముంగట ఎమ్మెల్యేలు జిల్లా జిల్లా తిరిగి జనం చెప్పేది ఇంటున్రు. మనసొంటోళ్ళు వీడియోల మాట్లాడొచ్చట. ఈ మంగళారం మన జిల్లాల. మనకు పొద్దుగాల పదింటికి.”

“నువ్వు మాట్లాడుతవా?”

“నాకు డ్యూటీ. నీకు డ్యూటీ. అందుకే వదిన పేరు రాసి పంపిన.”

నా చేతిలోని గరిటె పప్పు గిన్నెలో పడిపోయింది.

“తొమ్మిదో తరగతి దాన్ని నేను, చట్టం గురించి ఏం మాట్లాడాలె ఇస్తారీ!”

“నేను ఏడు. అన్న ఆరు. మన మూడు తలకాయలల్ల పెద్ద సదువు నీదే వదినా. ఇగ కొంచెం మామిడికాయ తొక్కు ఎయ్యి.”

నాకు భయం ఎక్కువ. పాప రెండుసార్లు తుమ్మితే న్యుమోనియా అనుకునే మనిషిని. ఈ వీడియో సంగతి విన్నప్పటి నుంచి, ఇక్కడి నుంచి అట్లా మాట్లాడితే ఎవరైనా ఏమైనా అంటారేమో, మా ఆయన కంపెనీకి తెలిస్తే ఏమవుతుందో అని ఒకటే బెంగ. షైస్తక్కకు చెబితే నవ్వింది.

“ఏం మే వాణీ, అట్ల వణికిపోతాండావు? మీ ఊరి పంచాయతీ, మీ సర్కారే పిలిచి అడుగుతాంటే ఇక్కడోళ్ళకేం పట్టింది? నీ ఇంట్లో కూచోని మీ ఊరి ముచ్చట మాట్లాడతావు, అంతే కదా. పాపను నేను పట్టుకుంటా పో.”

ఆదివారం పాపకు దగ్గు పట్టుకుంది. పోయినసారి దగ్గు వచ్చినప్పుడు వాము ఎట్లా కాచి ఇవ్వాలో అత్తమ్మ చెప్పింది, ఆ మెసేజ్ కోసం ఫోన్‌లో వెతికాను. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు. అందుకని మా అత్తాకోడళ్ళ మాటలన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఏడాదిన్నర మాటలు అట్లాగే ఉన్నాయి. ఒకటొకటే వింటూ వెనక్కి పోతున్నాను. వాము మాట దొరకలేదు కానీ ఇది దొరికింది.

“వాణీ, ఇయ్యాల టీచరమ్మ కాయితాలు పట్టుకొని వచ్చింది బిడ్డా. నీ కొడుకు కోడలు ఏడున్నరు, ఎప్పుడొస్తరు అని అడిగింది. పక్కింటి పోసవ్వ ఆడనే కూసున్నది. దాని కొడుకు కతర్‌ల ఏసీ రూంల ఉంటడని రోజు నా చెవులు తింటది గద. నేను తక్కువ తింటనా? మావోళ్ళు మస్కట్ల బంగ్ల తీసుకున్నరు, మనుమరాలిని ఆడనే ఇంగిలీషు బడిల ఏస్తరు, ఇగ ఈ ఊరికి రారు, ఈ మట్టిల ఏమున్నదని వస్తరు అన్న. పోసవ్వ మొఖం సూడాలె పిల్లా నువ్వు! మాడిన రొట్టె లెక్క అయింది!”

తర్వాత పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. దాని కింద నేను పంపిన నవ్వు బొమ్మలు మూడు. అప్పుడు నాకూ నవ్వే వచ్చింది మరి. ఇబ్రిని మా అత్తమ్మ మస్కట్ అంటుంది, రెండు గదులను బంగ్లా అంటుంది అని మురిసిపోయాను. టీచరమ్మ చేతిలో ఉన్న కాగితాలేమిటో ఆలోచించలేదు.

మా ఆయన రాగానే వినిపించాను. మొదట గట్టిగా నవ్వాడు. తర్వాత చెప్పు విప్పుతున్నవాడు అట్లాగే ఆగిపోయాడు.

“అంటె మనల్ని కొట్టేసింది మా అవ్వనా?”

“అత్తమ్మ ఒక్కతేనా? ముప్పై ఒక్క పేర్లు పోయినయి. ఇంటింట్ల గిట్లనే చెప్పి ఉంటరు.”

మా ఊళ్ళో అంతే. గల్ఫ్‌లో ఉన్నవాడు గొర్రెలు కాసినా, ఊళ్ళో వాళ్ళమ్మకు వాడు మేనేజర్. ఇంకో రెండు నెలల్లో తిరిగి వస్తాడని ఎవరూ చెప్పరు, పని పోయిందనుకుంటారని. ఇక రాడు, అక్కడే స్థిరపడ్డాడు అంటేనే గొప్ప. అడిగింది ఓటు కోసమని తెలిసినా, వినేవాళ్ళు పక్కన ఉంటే నోరు ఆగదు.

“మంగళారం ఇది వినిపియ్యాల్నా?” అని అడిగాను.

ఆయన రెండో చెప్పు కూడా విప్పాడు. “వినిపిస్తె మా అవ్వ రేపు ఊర్లె ఎట్ల తిరుగుతది?” అన్నాడు. మళ్ళీ తనే, “వినిపియ్యకుంటె టీచరమ్మ మీద పడతది,” అన్నాడు. “నీకెట్ల తోస్తె అట్ల చెయ్యి” అని స్నానానికి పోయాడు.

మంగళవారం వచ్చింది. షైస్తక్క ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టాం. నా ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను, ఆ మెసేజ్ తెరిచి. ఏసీ గడగడమని మోత, మాట వినబడదని ఆపేశాం. పది నిమిషాల్లోనే జాకెట్ వీపుకు అతుక్కుంది. షైస్తక్క పాపను భుజాన వేసుకుని వంటింట్లో తిరుగుతోంది.

తెరమీద మా జిల్లా కలెక్టరాఫీసు హాలు కనబడింది. బల్ల వెనక నలుగురు. నడుమ కూర్చున్న పెద్దాయన ఎమ్మెల్యే, జనం మాట వినడానికి వేసిన సంఘానికి అధ్యక్షుడు. పక్కన కాగితాలు పట్టుకున్న మేడమ్ ఒక ఆఫీసరు. ఎదురుగా కుర్చీల్లో జనం. రెండో వరుసలో మా ఊరి ఆడవాళ్ళు, వాళ్ళ నడుమ ఆకుపచ్చ చీరలో మా అత్తమ్మ. నా పేరు పిలుస్తారని విని బీడీల పని మానుకుని బస్సెక్కి వచ్చింది. ఆ వరుస చివర టీచరమ్మ ఒక్కతే కూర్చుంది, పక్కన కుర్చీ ఖాళీగా పెట్టుకుని.

నన్ను పిలిచారు. రాసుకున్న కాగితం చూసి చదివాను. నా పేరు వాణి, వయసు ఇరవై నాలుగు, ఇబ్రిలో ఉంటాను, మా ఊళ్ళో ఇల్లుంది, రేషన్ కార్డుంది, వరుసలో నిలబడితే ఓటు లేదన్నారు. అంతవరకు బాగానే ఉంది.

మేడమ్ ఒక కాగితం తీసింది. “ఇక్కడ రిపోర్టులో ‘కుటుంబ సభ్యులు తెలిపినదాని ప్రకారం శాశ్వతంగా వలస’ అని ఉంది. ఈ టీచర్‌గారు ఇంటివాళ్ళే చెప్పారంటున్నారు.”

వెనక నుంచి ఆడవాళ్ళ గొంతులు లేచాయి. “అబద్ధం!” “మేం చెప్పలే!” టీచరమ్మ తల దించుకుంది.

ఎమ్మెల్యే సారు చెయ్యెత్తి ఆపాడు. “చూడమ్మా వాణీ, ఇది తేలాలె. టీచరే సొంతంగా రాసిందంటే అది ఒక మనిషి చేసిన తప్పు. ఆమె మీద చర్య తీసుకుంటాం, చట్టం మార్చే పని లేదు. ఇంటివాళ్ళు చెప్పిన మాట మీదే ఇంతమంది పేర్లు పోయినయంటే, అప్పుడు తప్పు చట్టంల ఉన్నట్టు. మీ ఇంట్ల ఎవరన్న అట్ల చెప్పిన్రా?”

నా వేలు ఒళ్ళోని ఫోన్ మీద ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. నా పేరు, మా ఆయన పేరు, ఇస్తారి పేరు, ఊళ్ళో ముప్పై ఒక్క మంది పేర్లు. తెరమీద అత్తమ్మ ముఖం గోరంత కనబడుతోంది. తల దించలేదు. కండ్లు మాత్రం ఎటో చూస్తున్నాయి. నేను సామాన్లు తెచ్చినా, పాపను నీళ్ళలోకి వదిలినా కసిరే మనిషి, నాకు పురుడొచ్చినప్పుడు ఇరవై రోజులు బీడీలు మానేసి నా కాళ్ళకు నూనె రాసిన మనిషి. ఆమె నవ్వును తెచ్చి హాలు నిండా వినిపించాలా?

ఫోన్ బోర్లా పెట్టాను.

“సార్, నాకు తెల్వదని అబద్ధం చెప్పను. తెలిసింది సుత చెప్పను. నన్ను ఆ మాట అడుగకున్రి. నా పేరు తీసేటప్పుడు నన్ను ఎవ్వలు అడుగలే సార్. నేను చెప్పేది గంతే.”

వంటింట్లోంచి షైస్తక్క తొంగి చూసింది. సారు మేడమ్ వైపు వంగి ఏదో అన్నాడు. ఇక అయిపోయింది, చెడగొట్టాను అనుకున్నాను.

అప్పుడు రెండో వరుసలో ఆకుపచ్చ చీర లేచింది.

“సారూ, జెర ఆగు. అది చెప్పదు. నేను చెప్త.”

ఎవరో మైకు ఇవ్వబోతే, “నా గొంతుకు అదెందుకు?” అని పక్కకు నెట్టింది. అయినా ఇబ్రి దాకా వినబడింది.

“నేను యాదవ్వను. దాని అత్తను. టీచరమ్మకు నేనే చెప్పిన. మావోళ్ళు ఇగ రారు, మస్కట్ల బంగ్ల తీసుకున్నరు అని. బంగ్ల లేదు సారూ, రెండు రూములు. పక్కింటామె ముంగట తక్కువ కావద్దని బడాయికి చెప్పిన. పోయిన చలికాలం వోట్ల నాడు ఇదే టీచరమ్మను పదిమందిల తిట్టిన. తప్పు నాది. ఓ టీచరమ్మా, తప్పయింది తల్లీ.”

టీచరమ్మ తలెత్తి అత్తమ్మ వైపు చూసింది.

“గని సారూ, నాదొక మాట,” అంది అత్తమ్మ, కూర్చోకుండా. “నేను బడాయి చెప్పుడు నా ఇష్టం. నా కొడుకు, నా కోడలు, నేను చెప్పుకుంట. నా మాటకు దాని వోటు ఎట్ల పోతది? రేపు కోపమొచ్చి మా కోడలు సచ్చింది అంట. పిండాలు పెడతరా? బియ్యం కార్డుకు దాని వేలిముద్ర అడుగుతరు. సిలిండర్‌కు దాని ఫోన్‌ల నంబర్ వస్తేనే ఇస్తరు. వోటు తీసేటందుకే ఈ ముసల్దాని నోరు సరిపోయిందా మీకు?”

ఎమ్మెల్యే సారు నవ్వు ఆపుకుంటున్నాడని తెరమీద కూడా తెలిసింది. “మరి ఏం చెయ్యాలమ్మా?”

“దాన్ని అడుగున్రి! ఫోన్ లేదా? నంబర్ కావాల్నా, చెప్త రాసుకో.”

ఆమె పక్కనే కూర్చున్న పోసవ్వ లేచింది. “నేను సుత చెప్పిన సార్. మావోడు కతర్‌లనే ఉంటడని.” ఇంకో ముసలామె లేచి, “మావోడు దుబాయ్‌ల మేనేజర్, ఊరు మర్సిపోయిండని చెప్పిన,” అంది. “మేనేజరా? ఒంటెలకు నీళ్ళు పెడ్తడు గదనే!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. “ఒంటెలకు మేనేజరే!” అని ఆమె. హాలు హాలంతా నవ్వు. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది లేచారు. ఇందాక అబద్ధమని అరిచినవాళ్ళే. మేడమ్ రాసుకోలేక, “ఒక్కొక్కరు, ఒక్కొక్కరు చెప్పండమ్మా” అంటోంది. టీచరమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటోంది. తను చెబితే ఎవరూ నమ్మని మాటను తొమ్మిది మంది తల్లులు నిలబడి చెప్పారు.

నేను ఫోన్ ముందు కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఆ ఆకుపచ్చ చీర మనిషి మా ఇంటిదని షైస్తక్కకు వేలు పెట్టి చూపిస్తూ ఏడ్చాను. “చూసినా, చూసినా మే” అంది ఆమె కూడా ముక్కు ఎగబీలుస్తూ.

సారు మళ్ళీ నన్ను పిలిచాడు. “వాణీ, మీ అత్తమ్మ చెప్పినట్టు నిన్నే అడిగితే సరిపోతదా? మూడు రోజుల గడువిస్తే జవాబిస్తవా?”

ఇది కాగితంలో లేదు. అయినా నోరు వచ్చింది.

“చాలదు సార్. ఈడ వాట్సాప్ కాల్ కలువదు. మామూలు కాల్ చేస్తె, డ్యూటీల ఉన్నోళ్ళు ఎత్తరు. కొందరి ఫోన్లు సైట్ బయటనే పెట్టిస్తరు. మెసేజ్ పెట్టున్రి. వాళ్ళు నిమ్మళంగ చూసుకునేది శుక్రారమే. ఒక శుక్రారం ఓవర్‌టైమ్ పడితె ఇంకొకటి ఉండాలె. రెండు శుక్రారాలు ఆగున్రి సార్. అప్పటికి సుత జవాబు రాకుంటె ఇంటికి పోయి, మల్ల అడుగున్రి.”

“చట్టంల శుక్రవారం అని రాయలేం కదమ్మా.”

“మీరు ఎట్లన్న రాసుకోన్రి సార్. రెండు శుక్రారాలు పడేటట్టు.”

మేడమ్ తలెత్తి నా వైపు చూసింది. తర్వాత ఏదో రాసుకుంది.

ఆ సాయంత్రం అత్తమ్మ మెసేజ్ వచ్చింది. “పిల్లా, నా చీర టీవీల మంచిగ కనవడ్డదా? పోసవ్వ బస్సుల నా పక్కన కూసోలే. ఏసీ రూం ముచ్చట అందరి ముంగట తీపిచ్చినవ్ గదనే అని అలిగింది. దిగేటప్పుడు సంచి మోసిన, మల్ల మాట్లాడింది.” చివర్లో, “నీ కాడ నా మాట ఉండె గద బిడ్డా. ఎందుకు వినిపియ్యలే?” అంది. పాప నవ్వు రికార్డు చేసి పంపాను.

వానాకాలం సమావేశాల్లో ఆ చట్టం పాసయింది. ఇస్తారి కాగితం ఫొటో పంపాడు. ఆ భాష గట్టిది. నాలుగుసార్లు చదివి అర్థం చేసుకున్నాను. పని కోసం విదేశాలకు వెళ్ళినవారి పేరును ఇంటివారి నోటిమాట మీద మాత్రమే తొలగించరాదు. తొలగించే ముందు ఆ వ్యక్తికే సందేశం పంపి, జవాబు కోసం పదిహేను రోజులు ఆగాలి.

పదిహేను రోజులు ఎక్కడ మొదలుపెట్టినా రెండు శుక్రవారాలు పడి తీరతాయి. నేను క్యాలెండర్ ముందేసుకుని లెక్కపెట్టాను. మా ఆయన వచ్చి ఆయన కూడా లెక్కపెట్టాడు. “ఇది నువ్వు చెప్పిందేనా?” అన్నాడు. “మేడమ్ ముందే అనుకున్నదేమో,” అన్నాను. “ఛ, నువ్వు చెప్పిందే,” అన్నాడు. శుక్రవారం ఇస్తారి క్యాంపు రూమ్‌లో అందరికీ చెప్పి వచ్చాడు. మా ఆయనకు బడాయి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా? ఈసారి మాత్రం నేను ఆపలేదు.

ఓటు వేయాలంటే టికెట్ పెట్టుకుని ఊరికి పోవాల్సిందే. అది మారలేదు. పోతామా, సెలవు దొరుకుతుందా, పాపకు ఒంట్లో బాగుంటుందా, అవన్నీ నా భయాలు, నా దగ్గరే ఉన్నాయి. కానీ పోయేదీ మానేదీ ఇక మేమే అనుకోవాలి.

నిన్న మంగళవారం. పాపకు అన్నం కలుపుతుంటే కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. టీచరమ్మ గొంతు.

“వాణీ, నేను టీచరమ్మను. లిస్టు మల్ల తయారు చేస్తున్నం. నీ పేరు మన ఊర్లెనే ఉంచాల్నా? నీ నోటితోని చెప్పాలె. మొన్న ఇస్తారి బొటనవేలు బొమ్మ పంపిండు, చెల్లది అని మల్ల అడిగిన.”

చెయ్యి కడుక్కున్నాను. మొదటిసారి రికార్డు చేస్తే పాప కేక పడింది. రెండోసారి నా గొంతు నాకే నచ్చలేదు. మూడోసారి నిలబడి చెప్పాను.

“టీచరమ్మా, నేను వాణిని మాట్లాడుతున్న. ఇబ్రిల ఉన్న. మాది ఆ ఊరే. నా పేరు ఉంచున్రి.”

కాసేపటికి జవాబు వచ్చింది. “రాసుకున్న బిడ్డా. మీ అత్త ఇంట్ల కూసోనే అడుగుతున్న. గణపతి పేరు గురించి ఏమన్న చెప్తవా యాదవ్వా అంటె, నన్నడుగకు, వాన్నే అడుగు అని బీడీలు చుట్టుకుంట కూసున్నది.” వెనక అత్తమ్మ నవ్వు సన్నగా వినబడుతోంది.

మా ఆయన సాయంత్రం దాకా ఫోన్ ముట్టడని తెలుసు. అయినా ఆ మెసేజ్ అప్పటికప్పుడే క్రషర్‌కు పంపాను.